థైరాయిడ్ పరీక్షలు, రిపోర్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేస్తాను. రిపోర్టు తీసుకోవడానికి వచ్చినవాళ్లు కాగితం మీద ఎక్కడ "హెచ్" (ఎక్కువ) ఉందో, ఎక్కడ "ఎల్" (తక్కువ) ఉందో వెతుక్కుని, అక్కడే నిలబడి అడిగే సందేహాలు ఏళ్ల తరబడి దాదాపు ఒకటే. వాటిని వాళ్లు అడిగిన మాటల్లోనే ఇక్కడ రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి. మందు మొదలుపెట్టడం, మార్చడం, ఆపడం మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరు చెప్పాల్సిన విషయాలు.

## పరీక్షకు ముందు

"నాకు థైరాయిడ్ ఉంది" అంటుంటారు. థైరాయిడ్ అంటే జబ్బేనా?

కాదు. అది అందరికీ ఉండే గ్రంథి. మెడ ముందు భాగంలో, కంఠమణికి కాస్త కింద, శ్వాసనాళాన్ని ఆనుకుని సీతాకోకచిలుక ఆకారంలో ఉంటుంది. బరువు సుమారు 15 నుంచి 25 గ్రాములు. మనం తిన్న అయోడిన్‌ను రక్తంలోంచి లాక్కుని టీ4, టీ3 అనే రెండు హార్మోన్లు తయారుచేస్తుంది. టీ4లో అయోడిన్ పరమాణువులు నాలుగు, టీ3లో మూడు. గ్రంథి నుంచి ఎక్కువగా బయటికొచ్చేది టీ4. కాలేయం, మూత్రపిండాల వంటి చోట్ల అందులోంచి ఒక అయోడిన్ ఊడిపోయి టీ3 అవుతుంది. కణాల్లో అసలు పని చేసేది ఈ టీ3. ఒంట్లో వేడి, గుండె వేగం, పేగుల కదలిక, కొలెస్టరాల్, నెలసరి, పిల్లల్లో మెదడు ఎదుగుదల అన్నీ దీని మీద ఆధారపడతాయి.

హార్మోను తగ్గితే హైపో థైరాయిడ్, ఎక్కువైతే హైపర్ థైరాయిడ్. రెండింటికీ మందులు పూర్తిగా వేరు. కొత్త డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "థైరాయిడ్ ఉందండి" అని ఆపేయకుండా హైపోనా హైపరా చెప్పండి. తెలియకపోతే మీ మాత్రల సీసా వెంట తీసుకెళ్లండి.

టీఎస్‌హెచ్ పెరిగితే థైరాయిడ్ పెరిగినట్టు కదా? మరి తక్కువైందంటారేంటి?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో తయారయ్యేది కాదు. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని పంపుతుంది. "హార్మోను తయారుచెయ్యి" అని థైరాయిడ్‌కు వెళ్లే పిలుపు అది.

అమ్మ వంటింట్లోంచి పిల్లవాణ్ణి పిలుస్తోందనుకోండి. వాడు వెంటనే పలికితే ఒక్క పిలుపు చాలు. పలకకపోతే గొంతు పెంచుతుంది, ఇంకా పలకకపోతే అరుస్తుంది. టీఎస్‌హెచ్ ఆ గొంతు లాంటిది. థైరాయిడ్ మందగించినప్పుడు అది పెరుగుతుంది. థైరాయిడ్ అవసరానికి మించి హార్మోను పోస్తుంటే పిలవాల్సిన పనే లేదు కాబట్టి దాదాపు సున్నాకి పడిపోతుంది.

టీ4 కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ చాలా రెట్లు పెరుగుతుంది. అందుకే టీ4 ఇంకా నార్మల్ హద్దుల్లో ఉండగానే టీఎస్‌హెచ్ తేడా చూపిస్తుంది. డాక్టర్లు మొదట ఈ ఒక్క పరీక్షే రాయడానికి కారణం అదే.

అరుదుగా పిలిచే అమ్మకే గొంతు పోతుంది, అంటే పిట్యూటరీయే దెబ్బతింటుంది. అప్పుడు టీ4 తక్కువగా ఉన్నా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించవచ్చు. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ల తరబడి నీరసంతో ఉన్న తల్లుల్లో దీన్ని అనుమానించాలి. అలాంటి కాన్పు మీ ఇంట్లో ఎవరికైనా అయి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఇక్కడ టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే జబ్బు తప్పించుకుపోతుంది.

జుట్టు రాలుతోంది, లావవుతున్నాను, ఊరికే అలసట. థైరాయిడేనా?

కావచ్చు, కాకపోవచ్చు. హైపోలో అలసట, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, ముఖం ఉబ్బినట్టుండడం, గొంతు బొంగురుపోవడం, నెలసరిలో రక్తం ఎక్కువగా పోవడం, మతిమరుపు ఉంటాయి. వీటిలో సగం లక్షణాలు రక్తహీనతలోనూ, బీ12 లోపంలోనూ, నిద్రలేమిలోనూ, డిప్రెషన్‌లోనూ కనిపిస్తాయి. లక్షణాలను బట్టి జబ్బు తేల్చలేం. పరీక్ష చేయాల్సిందే.

బరువు గురించి ఒక మాట. హైపో వల్ల పెరిగే బరువు సాధారణంగా కొద్ది కిలోలే, అందులోనూ చాలా భాగం ఒంట్లో నిలిచిన నీరు, ఉప్పు. పదిహేను కిలోలు పెరిగితే ఆ నింద మొత్తం థైరాయిడ్ మీద వేయలేం.

లక్షణాలేమీ లేకపోయినా పరీక్ష అవసరమయ్యేది ఎవరికి?

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తూ ఆలస్యమవుతున్నవారు, టైప్ 1 షుగర్ ఉన్నవారు, ఇంట్లో తల్లికో అక్కచెల్లెళ్లకో థైరాయిడ్ జబ్బున్నవారు, లిథియం లేదా గుండె లయకు ఇచ్చే అమియోడరోన్ వాడేవారు, మెడకు రేడియేషన్ తీసుకున్నవారు. కొలెస్టరాల్ కారణం లేకుండా పెరిగినా మందు మొదలుపెట్టే ముందు ఒకసారి టీఎస్‌హెచ్ చూడడం మంచిది.

అయోడిన్ ఉప్పే వాడుతున్నాం. మరి ఈ జబ్బెందుకు వచ్చింది?

ఒకప్పుడు మన దేశంలో థైరాయిడ్ జబ్బంటే అయోడిన్ లోపమే. హిమాలయాల కింది ఊళ్లలో మెడలు వాచి, పిల్లలు మందబుద్ధితో పుట్టేవారు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో కాంగ్రా లోయలో అధ్యయనం మొదలుపెట్టి, ఉప్పులో అయోడిన్ కలిపితే గొంతువాపు తగ్గుతుందని చూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. మన వంటింటి ఉప్పు వెనక మన శ్రీకాకుళం మనిషి శ్రమ ఉందని తెలిసినవాళ్లు తక్కువ. నాకు అది చాలా గర్వంగా అనిపిస్తుంది.

అయోడిన్ అందుతున్న చోట హైపోకు ముఖ్య కారణం హషిమోటో జబ్బు. మన రోగనిరోధక శక్తి పొరబడి మన థైరాయిడ్‌నే దెబ్బతీయడం అది. ఉప్పు మార్చినంత మాత్రాన ఇది తగ్గదు. అలాగని అయోడిన్ ఉప్పు మానేసి సైంధవ లవణానికో పింక్ సాల్ట్‌కో పూర్తిగా మారకండి. వాటిలో అయోడిన్ కలపకపోతే ఇంట్లో గర్భిణులకు, పిల్లలకు నష్టం. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, గర్భిణులకు 250.

## రక్తం ఇచ్చే రోజు

పరగడుపునే రావాలా?

టీఎస్‌హెచ్‌కు ఉపవాసం తప్పనిసరి కాదు. కానీ టీఎస్‌హెచ్ అర్ధరాత్రి దాటాక బాగా ఎక్కువగా ఉండి, పగలు గడిచేకొద్దీ తగ్గుతుంది. టిఫిన్ తిన్నాక కూడా కొంచెం తగ్గుతుంది. ఉదయం 7 గంటలకు 4.8 వచ్చిన మనిషికి మధ్యాహ్నం 4 లోపే రావచ్చు. పోల్చుకోవాలంటే ప్రతిసారీ ఒకే వేళకు, వీలైతే ఒకే ల్యాబ్‌లో ఇవ్వండి.

పొద్దున్నే మాత్ర వేసుకుని రావచ్చా?

రక్తం ఇచ్చాక వేసుకోండి. హైపో మాత్రలో ఉండేది టీ4యే, కాబట్టి మింగిన కొన్ని గంటలపాటు రక్తంలో టీ4 పెరిగి కనిపిస్తుంది. టీఎస్‌హెచ్ మీద ఆ ఒక్క మాత్ర ప్రభావం పెద్దగా ఉండదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. పరీక్ష కోసమని మూడు నాలుగు రోజులు మాత్ర మానేసి వచ్చేవాళ్లున్నారు. అలా చేయకండి, డోసు సరిపోతోందో లేదో చూడడానికే ఆ పరీక్ష.

జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతున్నాను. తేడా వస్తుందా?

వస్తుంది, అదీ మోసపుచ్చేలా వస్తుంది. చాలా యంత్రాల్లో హార్మోన్లను కొలిచే పద్ధతి బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవడం మీద నడుస్తుంది. మీ రక్తంలోనే బయోటిన్ నిండా ఉంటే ఆ అతుకు చెడిపోతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. చూసినవాళ్లకు అచ్చం హైపర్ థైరాయిడ్‌లా ఉంటుంది. ఒంట్లో మాత్రం ఏ జబ్బూ ఉండదు.

ఒకామె చేతిలో ఇలాంటి రిపోర్టుతోనే మా దగ్గరికి వచ్చింది. గుండె దడ లేదు, చేతుల వణుకు లేదు, బరువు తగ్గలేదు. మందుల గురించి అడిగితే "మందులేమీ వాడనండి" అంది. జుట్టుకో గోళ్లకో ఏమైనా వేసుకుంటున్నారా అని మళ్లీ అడిగితే బ్యాగులోంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ సీసా తీసింది. అది మందని ఆమెకు అనిపించలేదు. ఆపి కొన్ని రోజుల తర్వాత చేస్తే అన్నీ నార్మల్. ఆ రెండోసారి అడగకపోయి ఉంటే ఆమె లేని జబ్బుకు మందు మింగేది. అప్పటి నుంచి జుట్టు బిళ్లల గురించి అందరినీ విడిగా అడుగుతున్నాను.

పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపండి. డోసు చాలా ఎక్కువైతే ఇంకా ముందే ఆపాలి. మల్టీవిటమిన్ డబ్బా మీద కూడా ఆ పేరు ఉందేమో చూడండి.

ఆసుపత్రిలో ఉన్నప్పుడు చేస్తే తేడా వచ్చింది. నమ్మొచ్చా?

పెద్ద జబ్బుతో, ముఖ్యంగా ఐసీయూలో ఉన్నప్పుడు ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ అంకెలు కూడా తారుమారవుతాయి. మొదట టీ3 పడిపోతుంది. కోలుకునేటప్పుడు టీఎస్‌హెచ్ కొన్నాళ్లు పెరుగుతుంది. స్టెరాయిడ్లు కూడా టీఎస్‌హెచ్‌ను తగ్గిస్తాయి. థైరాయిడ్ జబ్బుందని బలమైన అనుమానం లేకపోతే, కోలుకున్న 6 వారాల తర్వాత మళ్లీ చేయించడం మేలు.

ప్యాకేజీలో "టీ3, టీ4, టీఎస్‌హెచ్" ఉంది. ఫ్రీ టీ4 వేరేనా?

వేరే. రక్తంలోని టీ4లో దాదాపు అంతా ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. విడిగా తిరిగే అతి కొద్ది భాగమే పని చేస్తుంది, అదే ఫ్రీ టీ4. గర్భంలోనూ, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడూ ఆ ప్రోటీన్ పెరిగి మొత్తం టీ4 ఎక్కువగా కనిపిస్తుంది, జబ్బు లేకపోయినా. హైపో అనుమానానికి టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 చాలు. టీ3 ముఖ్యంగా హైపర్ తేల్చడానికి పనికొస్తుంది. హైపోలో అది చివరిదాకా నార్మల్‌గా ఉండగలదు.

## రిపోర్టు చేతికొచ్చాక

టీఎస్‌హెచ్ 5.8, పక్కన "హెచ్" అని ఉంది. ఇక జీవితాంతం మాత్రేనా?

ఈ ఒక్క కాగితంతో ఆ మాట ఎవరూ చెప్పలేరు. పెద్దవాళ్లకు నార్మల్ సుమారు 0.4 నుంచి 4 లేదా 4.5 వరకు, ల్యాబ్‌ను బట్టి కొంచెం మారుతుంది. టీఎస్‌హెచ్ పెరిగి ఫ్రీ టీ4 తగ్గితే అది స్పష్టమైన హైపో, చికిత్స అవసరం. టీఎస్‌హెచ్ పెరిగినా ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే దాన్ని సబ్‌క్లినికల్ హైపో అంటారు. మనవాళ్లు "బార్డర్ లైన్" అనేది దీన్నే.

బార్డర్ లైన్ అయితే సాధారణంగా 2, 3 నెలల తర్వాత టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4, యాంటీ టీపీఓ (హషిమోటోలో థైరాయిడ్‌కు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలను కొలిచే పరీక్ష) కలిపి మళ్లీ చేస్తారు. చాలామందిలో రెండోసారి టీఎస్‌హెచ్ దానంతటదే నార్మల్‌కు వస్తుంది. మొదటి కాగితం చూసే మాత్ర మొదలుపెడితే ఆ మనిషికి నిజంగా అది అవసరమా అన్నది ఆ తర్వాత తేల్చడం కష్టం. ఏళ్ల క్రితం ఒకే ఒక్క 5.2 చూసి మొదలుపెట్టిన 25 మైక్రోగ్రాముల మాత్రను ఇప్పటికీ మింగుతున్నవాళ్లను చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

రెండోసారి కూడా 10 దాటితే ఎక్కువమంది డాక్టర్లు మందు ఇస్తారు. 10 లోపు ఉంటే వయసు, లక్షణాలు, గర్భం ఆలోచన, మెడ వాపు, యాంటీ టీపీఓ చూసి నిర్ణయిస్తారు. గర్భిణులైతే మాత్రం ఈ నెలల ఎదురుచూపు పనికిరాదు, వెంటనే డాక్టరుకు చూపించాలి.

పోయినసారి 2.1, ఈసారి 3.0. పెరుగుతోందని టెన్షన్‌గా ఉంది.

రెండూ నార్మలే. వేళ మారినా, రాత్రి నిద్ర లేకపోయినా ఇంత తేడా వస్తుంది.

యాంటీ టీపీఓ 600 వచ్చింది. ఎలా తగ్గించుకోవాలి?

ఆ అంకెను తగ్గించడం చికిత్స లక్ష్యం కాదు. మీ హైపోకు కారణం హషిమోటో అని అది చెబుతుంది. టీఎస్‌హెచ్ ఇంకా నార్మల్‌గా ఉండి యాంటీబాడీలు మాత్రమే ఉంటే మందు అక్కర్లేదు, ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకుంటే చాలు. టీఎస్‌హెచ్ కూడా పెరిగి ఉంటే ఏడాదికి నూటికి సుమారు నలుగురు పూర్తి హైపోలోకి వెళతారు. ఒకసారి పాజిటివ్ వచ్చాక దాన్ని పదేపదే చేయించి డబ్బు పోగొట్టుకోకండి.

టీఎస్‌హెచ్ 0.01. సున్నాకి దగ్గరైంది కదా, మంచిదేనా?

మంచిది కాదు. బహుశా హార్మోను అవసరానికి మించి ఉంది. గుండె దడ, చేతుల వణుకు, చెమటలు, తింటున్నా బరువు తగ్గడం, విరేచనాలు, నిద్ర పట్టకపోవడం ఉన్నాయేమో చూసుకోండి. ఫ్రీ టీ4, టీ3 చేయించాలి.

ఆ తర్వాత కారణం తేల్చాలి, ఎందుకంటే కారణాన్ని బట్టి చికిత్స పూర్తిగా మారిపోతుంది. గ్రేవ్స్ జబ్బులో యాంటీబాడీలు గ్రంథిని రెచ్చగొట్టి ఎక్కువ పని చేయిస్తాయి. కొందరికి కళ్లు ముందుకొస్తాయి, పొగ తాగేవారికి ఆ కళ్ల జబ్బు మరీ ముదురుతుంది. థైరాయిడైటిస్‌లో, అంటే గ్రంథి వాచినప్పుడు, కొత్తగా తయారయ్యేది లేదు. నిల్వ ఉన్న హార్మోనే ఒలికిపోతుంది. వైరల్ జ్వరం తర్వాత మెడ నొప్పితోనో, కాన్పయిన కొన్ని నెలలకో ఇది వస్తుంది. తయారీని ఆపే మాత్రలు గ్రేవ్స్‌కు పనికొస్తాయి, దీనికి పనికిరావు. ఇది చాలావరకు తనంతట తగ్గుతుంది, మధ్యలో కొన్నాళ్లు హైపో కూడా రావచ్చు.

తేడా చెప్పడానికి రెండు దారులున్నాయి. గ్రేవ్స్ యాంటీబాడీని కొలిచే ట్రాబ్ అనే రక్త పరీక్ష ఒకటి. కొద్దిపాటి రేడియోధార్మిక మందును ఎక్కించి తీసే టెక్నీషియం స్కాన్ రెండోది. గ్రేవ్స్‌లో గ్రంథి ఆ మందును బాగా పీల్చుకుని స్కాన్‌లో వెలుగుతుంది, థైరాయిడైటిస్‌లో దాదాపు కనిపించదు. గర్భిణులకు ఈ స్కాన్ చేయరు. పాలిచ్చే తల్లి అయితే ముందే చెప్పాలి.

మా నాన్నకు 78 ఏళ్లు. టీఎస్‌హెచ్ 6.2. మందు వేయాలా?

వయసు పెరిగేకొద్దీ టీఎస్‌హెచ్ సహజంగానే కొంచెం పెరుగుతుంది. ఆ వయసులో ఫ్రీ టీ4 నార్మల్‌గా ఉంటే 6, 7 వరకు చూస్తూ ఉండడమే చాలాసార్లు సరైన దారి. అవసరం లేని మాత్ర పెద్దవాళ్లలో గుండె లయ తప్పడానికి, ఎముకలు పలచబడడానికి దారితీయవచ్చు.

## మెడలో గడ్డ కనిపిస్తే

స్కాన్‌లో థైరాయిడ్ గడ్డ ఉందన్నారు. క్యాన్సరా?

వందలో తొంభైకి పైగా గడ్డలు క్యాన్సర్ కావు. అయినా చూపించుకోవాలి. మొదట టీఎస్‌హెచ్ చేస్తారు. అది తక్కువగా ఉంటే ఐసోటోప్ స్కాన్ (పైన చెప్పిన టెక్నీషియం స్కాన్ లాంటిది) చేస్తారు, హార్మోను తయారుచేసే గడ్డ క్యాన్సర్ కావడం చాలా అరుదు. లేకపోతే అల్ట్రాసౌండ్‌లో గడ్డ సైజు, ఆకారం, అంచులు, లోపల సున్నపు చుక్కలు చూసి టైరాడ్స్ అనే 1 నుంచి 5 వరకు ఉన్న మెట్లలో పెడతారు. మెట్టు పెరిగేకొద్దీ అనుమానం పెరుగుతుంది.

టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంది కాబట్టి గడ్డ మంచిదే అనుకోకండి. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్న చాలామందిలో హార్మోన్లన్నీ నార్మల్‌గానే ఉంటాయి. గడ్డ గట్టిగా ఉన్నా, త్వరగా పెరుగుతున్నా, గొంతు మారినా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయవద్దు.

సూది గుచ్చితే గడ్డ పాకుతుందంటున్నారు. నిజమా?

ఈ భయంతో నెలల తరబడి ఆగిపోయేవాళ్లు ఉన్నారు. గడ్డలోంచి కణాలు తీసే ఎఫ్ఎన్ఏసీ పరీక్షకు వాడేది రక్తం తీసే సూది కంటే సన్నటిది, దానివల్ల జబ్బు పాకడమన్నది అతి అరుదు. గుచ్చకుండా ఆలస్యం చేయడంలోనే నష్టం ఎక్కువ. ఫలితం బెథెస్డా అనే మెట్లలో 1 నుంచి 6 వరకు వస్తుంది. 2 అంటే మామూలు గడ్డ, 6 అంటే క్యాన్సర్. 1 అంటే తక్కువ ప్రమాదమని కాదు, తీసిన కణాలు సరిపోలేదని, మళ్లీ గుచ్చాలని.

## గర్భం, పసిబిడ్డ

నెల తప్పింది. ఇప్పటికే థైరాయిడ్ మాత్ర వాడుతున్నాను. ఆపాలా?

ఆపకూడదు. బిడ్డ సొంత థైరాయిడ్ పనిలోకి దిగేదాకా, అంటే మొదటి నెలల్లో, బిడ్డ మెదడుకు కావాల్సిన హార్మోను మీ నుంచే వెళ్లాలి. సాధారణంగా డోసు 25 నుంచి 30 శాతం పెంచాల్సి వస్తుంది. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా, గర్భం తేలిన రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. సగం నెలలు నిండేదాకా ప్రతి 4 వారాలకూ టీఎస్‌హెచ్ చూస్తారు. మొదటి మూడు నెలల్లో టీఎస్‌హెచ్ సహజంగా తగ్గుతుంది, కాబట్టి మామూలు మనుషుల నార్మల్ హద్దులతో మీ రిపోర్టును పోల్చకూడదు.

బిడ్డ పుట్టి మూడు రోజులు. మడమ నుంచి రక్తం ఎందుకు తీస్తున్నారు?

పుట్టుకతోనే థైరాయిడ్ లేకపోయినా, సరిగా పని చేయకపోయినా బిడ్డ మొదట్లో మామూలుగానే కనిపిస్తుంది. లక్షణాలు తెలిసేసరికి మెదడుకు జరిగిన నష్టం వెనక్కి రాదు. రెండు వారాల్లోపు మందు మొదలుపెడితే చాలామంది పిల్లలు మిగతావాళ్లలాగే చదువుకుంటారు. పుట్టగానే టీఎస్‌హెచ్ దానంతటదే ఎగుస్తుంది కాబట్టి 48 గంటలు దాటాక తీస్తారు. మీ ఆసుపత్రిలో చేయకపోతే మీరే అడిగి చేయించండి. బొడ్డుతాడు రక్తంతో చేశామని చెబితే ఆ రిపోర్టు చేతికి తీసుకోండి.

## మాత్ర మొదలయ్యాక

పొద్దున లేవగానే కాఫీ లేకపోతే నావల్ల కాదు. మాత్ర ఎలా?

లేవగానే మంచినీళ్లతో మాత్ర వేసుకుని, కాఫీకి అరగంట, వీలైతే గంట ఆగండి. కాఫీతో కలిస్తే మాత్ర ఒంటికి సరిగా పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. పొద్దున అసలు కుదరకపోతే రాత్రి భోజనమయ్యాక మూడు గంటలాగి పడుకునే ముందు వేసుకోవచ్చు, డాక్టరుకు చెప్పండి. సీసా వంటింటి తేమలో పెట్టవద్దు. డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, సీసా కొన్న ప్రతిసారీ అంకె చదవండి. 25కు బదులు 125 ఇంటికొస్తే చాలా తేడా.

డోసు మార్చి పది రోజులైంది. మళ్లీ పరీక్ష చేయించనా?

తొందర వద్దు. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది, టీఎస్‌హెచ్ స్థిరపడడానికి 6 నుంచి 8 వారాలు. కంపెనీ మార్చినా అంతే ఆగి చూసుకోండి.

రిపోర్టు నార్మల్ వచ్చింది. మాత్ర మానేయవచ్చా?

మాత్ర వేసుకుంటున్నారు కాబట్టే నార్మల్ వచ్చింది. హషిమోటో వల్ల వచ్చినా, ఆపరేషన్‌తో గ్రంథి తీసేసినా సాధారణంగా ఎప్పటికీ వాడాలి. కాన్పు తర్వాత వచ్చినదైతేనో, బార్డర్ లైన్‌లో మొదలుపెట్టినదైతేనో ఆపి చూడవచ్చేమో డాక్టరును అడగండి.

క్యాబేజీ, కాలీఫ్లవర్ తినకూడదా?

వండుకుని మామూలుగా తినండి. అయోడిన్ ఉప్పు వాడే ఇంట్లో వాటివల్ల ఇబ్బంది లేదు.

హైపర్‌కు కార్బిమజోల్ వాడుతున్నాను. జ్వరం, గొంతు నొప్పి వచ్చాయి. పారాసెటమాల్ వేసుకుంటే చాలా?

చాలదు. చాలా కొద్దిమందిలో ఈ మందు తెల్లరక్తకణాలను ఒక్కసారిగా పడేస్తుంది, దాని మొదటి గుర్తులు జ్వరం, గొంతు నొప్పి, నోటిపూత. కార్బిమజోల్ ఆపి, అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లి రక్తకణాలను లెక్కపెట్టే సీబీసీ పరీక్ష చేయించండి. ఏ మందు వాడుతున్నారో అక్కడ ముందే చెప్పండి. కణాలు సరిగ్గా ఉన్నాయని తేలాక మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో మీ డాక్టరు చెబుతారు.